దూది గదిలో నీళ్ల ముంత

పాముని దూదిలో పడుకోబెట్టి సాకిన ఇల్లాలు లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, సత్తెనపల్లికి అవతల ఆ నల్లరేగడి ఊళ్లో మాత్రం ఒకావిడ ఉండేది. పేరు జైతున్‌బీ. దూదేకుల ఖాదర్ వలి భార్య. పోనీ పామంటే ముద్దా అంటే అదీ కాదు. దాన్ని చూస్తేనే ఆవిడకి ఒళ్లు జలదరించేది. అయినా మొగుడి కోసం ఆ పని చేసింది. చేసి, కొరివితో తల గోక్కున్నట్టయింది.

ముందు ఆ పాము సంగతి చెప్పాలి. అది జెర్రిపోతు, విషం లేని జాతి. కొన్నేళ్ల కిందట పత్తి చేలో కూలీలు దాన్ని కర్రలతో కొట్టబోతుంటే ఖాదర్ వలి అడ్డం పడి, కండువాలో చుట్టి ఇంటికి తెచ్చాడు. అప్పుడది చిటికెన వేలంత లావు. "దూది గదిలో ఎలకల సంగతి చూసుకుంటాడు, ఉండనీవే" అన్నాడు. "ఏకై వచ్చి మేకై కూర్చుంటాడు, చూస్తా ఉండు" అంది జైతున్‌బీ. అన్నంతా అయింది. ఇప్పుడది సాగి పడుకుంటే గోడ పొడుగునా వస్తుంది. పత్తి గింజల కోసం గోడలు తొలిచే ఎలకలు ఆ ఇంటి గడప తొక్కడం మానేశాయి. పొద్దున్నే ఒకసారి ఇల్లంతా తిరిగొచ్చి, మిగతా రోజంతా వాసాల మీద పెత్తనం వెలగబెట్టేది కాబట్టి దానికి మునసబు అని పేరు పెట్టాడు ఖాదర్ వలి.

ఆయన మాటల మనిషి కాదు. ఒకప్పుడు అయ్యుండొచ్చు. నాలుగేళ్ల కొడుకు బుడే పోయిన దగ్గర్నుంచి, ఈ పదహారేళ్లుగా, ఇంట్లో ఆయన మాటలు అన్నం పెట్టు, దీపం వెలిగించు దాటి పోయేవి కావు. పెళ్లాన్ని ఒక్కనాడు తిట్టలేదు, ఒక్కనాడు నిందించలేదు. తిట్టినా బాగుండునని జైతున్‌బీ చాలాసార్లు అనుకుంది. అలాంటి మనిషి దూదేకుతూ కూర్చుని, విల్లు నారి టంగుటంగుమంటుంటే వాసాల వైపు తలెత్తి, "ఏం మునసబుగారూ, ఇయ్యాల శిస్తు ఎంత వసూలైంది?" అని నవ్వేవాడు. గోడ ఇవతల కూర్చుని పత్తిలో చెత్త ఏరుకుంటున్న జైతున్‌బీకి ఒళ్లు మండిపోయేది. కట్టుకున్నదానితో లేని కబుర్లు పురుగుతోనా!

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఊళ్లో పత్తి కొట్లవాళ్లంతా ఎలకల మందు పెట్టించారు. ఖాదర్ వలి ఏటా ఆ రోజుల్లోనే పర్చూరు వైపు పరుపుల పని మీద పోతాడు. బయల్దేరే ముందు మునసబుని పట్టుకుని, మూత ఉన్న పెద్ద వెదురు గంపలో పెట్టాడు.

"మందు తిన్న ఎలకని మింగాడంటే వీడూ పోతాడు. నేనొచ్చేదాకా బయటికి వదలమాక. మేత అక్కర్లా, నిన్ననే తిన్నాడు. వచ్చే శుక్రవారం గాక పై శుక్రవారం నమాజు యేళకి వస్తా." గుమ్మం దిగినవాడు మళ్లీ వెనక్కి తిరిగాడు. "చూసుకో."

ఆ ఒక్క మాట జైతున్‌బీకి కొత్త కాదు. సరిగ్గా ఆ మాటే, ఆ గుమ్మంలోనే, పదహారేళ్ల కిందటా అన్నాడు. అప్పుడు చూసుకోమన్నది బుడేని. పర్చూరు నుంచి తిరిగొచ్చేసరికి పిల్లాడు లేడు. మళ్లీ ఇన్నాళ్లకి ఆయన ఒక ప్రాణాన్ని తన చేతుల్లో పెట్టి పోతున్నాడు. ఇదీ పోతే ఇంక ఆయన మొహం ఎట్లా చూడటం?

అందుకే ఆవిడకి అంత శ్రద్ధ. వెదురు గీసుకుంటుందేమోనని, ఇంట్లో ఉన్నదాంట్లో మేలైన ఏకిన దూది తెచ్చి గంప నిండా నింపింది. పాము జరజరా అందులోకి దూరింది. గంపని దూది గదిలోనే, ఎవరి కాలూ తగలని మూలన పెట్టింది. నీళ్ల ముంత మాత్రం పెట్టలేదు. ఆ ఆలోచనే రాలేదు. దూదేకే ఇంట్లో దూది ఉన్న గదికి నీళ్లు రాకూడదు, అది తాతల నాటి కట్టుబాటు. తడి తగిలిన దూది ముద్ద కడుతుంది, నారికి లొంగదు. కుండలన్నీ బయట పంచలోనే ఉంటాయి. దాహమైతే ఖాదర్ వలి కూడా పని ఆపి, పంచలోకి వచ్చి తాగాల్సిందే. కాపురానికి వచ్చిన కొత్తలో జైతున్‌బీ చెంబు పట్టుకుని ఆ గడప దాటబోయి అత్త చేత తిన్న చీవాట్లు, అత్త కాలం చేసినా ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అయినా పాముకి నీళ్లేమిటి, గాలి తిని బతికే జీవి అని ఎవరిని అడిగినా చెబుతారు.

మొదట్లో బాగానే ఉంది. రోజూ చీపురుకట్టతో మూత కాస్త పైకెత్తి, చెయ్యెడు దూరం నుంచి తొంగి చూసేది. మునసబు తలెత్తి నాలిక ఆడించేది. "ఉన్నావుగా, చాలు" అని మూత వేసేసి, గుండెల మీద చెయ్యేసుకునేది.

తర్వాత్తర్వాత అది తలెత్తడం మానేసింది. కళ్ల మీద తెల్లటి పొర కమ్మింది. జైతున్‌బీ పక్కింటి రాఘవమ్మని కేకేసింది. రాఘవమ్మది మిరప సేద్యం, అప్పుడే పెరట్లో కాయలు ఎండబోస్తోంది. తుమ్ముకుంటూ వచ్చి, గంపలోకి తొంగి చూసింది.

"కుబుసం విడుస్తాడే పిచ్చిమొహమా! ఆ యేళకి పాములకి కళ్లు అట్టాగే మసకేస్తయ్. దానికింత గోలా?"

రాఘవమ్మ చెప్పింది అబద్ధం కాదు. కానీ కుబుసమంటే చొక్కా విప్పినట్టు తల దగ్గర్నుంచి తోకదాకా ఒక్కపెట్టున ఊడాలి. మునసబు వాసాల మీద వదిలిన కుబుసాలు ఎన్ని ఊడ్చి పారెయ్యలేదు జైతున్‌బీ! ఇది అట్లా ఊడలేదు. ఉల్లిపొరల్లా అక్కడో పీలికా ఇక్కడో పీలికా లేచి, మిగతాదంతా ఒంటికి అతుక్కుపోయింది. కళ్ల మీది పొర కూడా రాలేదు.

"నీరసంగా ఉన్నాడేమో, కాసిని పాలు పొయ్యి" అంది రాఘవమ్మ. "నాగులచవితికి పుట్టలో పొయ్యట్లా మేము? పాముకి పాలని మించిన బలం ఏముంది?" అని, తనే పోయి బర్రె పాలు తెచ్చిపెట్టింది.

గంపని పంచలోకి లాక్కొచ్చి, పాల మూకుడు అందులో పెట్టారు. కాసేపటికి మునసబు మెల్లగా మూతి ముంచింది. గొంతు కింద గుటకలు కదలడం ఇద్దరికీ కనబడింది. "చూశావా, నే చెప్పలా!" అని రాఘవమ్మ చేతులు చరిచింది. అది పాల మీద ప్రేమతో కాదు, గొంతెండిపోయి తాగిందని ఆ ఇద్దరు ఆడవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. జైతున్‌బీ గంపని మళ్లీ దూది గదిలోకి నెట్టి, ఆ పూట కడుపునిండా తిని పడుకుంది.

తెల్లవారి మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంది. విరిగిన పాల ముద్దలు కక్కుకుంది. మిగిలింది విరేచనమై దూదంతా పాడైంది. మునసబు ఆ మురికిలోనే, తెంపి పారేసిన సొరతీగలా వడిలిపోయి ఉంది. రాఘవమ్మ వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇది మందేనే జైతూ. గంపలో పెట్టకముందే మందు తిన్న ఎలకని మింగుంటాడు. అట్టా అయితే ఇంక ఆశ లేదు."

"అట్టా అనమాకక్కా, నీకు పుణ్యముంటుంది!"

"నేననకపోతే మాత్రం ఆగిద్దా?"

కబురు పెడదామంటే పర్చూరు పక్క ఏ ఊళ్లో ఎవరి అరుగు మీద విల్లు మీటుతున్నాడో ఎవరికి తెలుసు? ఆయన వచ్చే శుక్రవారం దగ్గర్లోనే ఉంది. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఇక్కడ పామే తాడులా పడి ఉంది. మరీ అన్యాయం.

ఏమైనా ముందు ఆ మురికి దూది తియ్యాలి కదా. తియ్యాలంటే పాముని పట్టుకోవాలి. ఇన్నేళ్లలో ఆవిడ దాన్ని ఒక్కసారైనా ముట్టుకున్న పాపాన పోలేదు. "బిస్మిల్లా" అని కళ్లు మూసుకుని చెయ్యి వేసింది. నున్నగా చల్లగా జారుతుందనుకున్న ఒళ్లు ఎండు తాటాకులా గరగరలాడింది. దూది పోగులు ఒళ్లంతా అంటుకుని ఉన్నాయి. ఒక పోగుని రెండు వేళ్లతో పట్టి లాగింది. పోగుతోపాటు చర్మం కూడా ముడతపడి పైకి లేచింది. వేళ్లు వదిలేసింది. ముడత అణగలేదు, లేచింది లేచినట్టే నిలబడింది. ఇంకోచోట పట్టి చూసింది. అక్కడా అంతే. మసక పొర కింద కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నోటి చివర జిగురు తీగలు సాగుతున్నాయి.

ఆ ముడత జైతున్‌బీకి తెలుసు.

అది కలరా వచ్చిన ఏడు. బుడేకి వాంతులు, విరేచనాలు. అత్త మంచినీళ్ల కుండ తీసి ఉట్టి మీద పెట్టేసింది. "పారే కడుపుకి నీళ్లు పోస్తే ఇంకా పారిద్ది, చుక్క ఇవ్వమాక" అంది. ఆ రోజుల్లో ఊరంతా అనే మాట అదే. పిల్లాడు పెదాలు నాక్కుంటూ "అమ్మా, నీళ్లు" అన్నాడు. అని అని, చివరికి అనడం మానేశాడు. ఒళ్లు తుడుస్తుంటే పొట్ట మీది చర్మం జైతున్‌బీ వేళ్ల మధ్యకి వచ్చి, వదిలినా అణగకుండా ఇట్లాగే నిలబడింది. కళ్లు ఇట్లాగే లోపలికి పోయాయి. పర్చూరు నుంచి వచ్చిన ఖాదర్ వలి గుమ్మంలో సంగతి విని, అందరి మొహాలూ ఒకసారి చూసి, ఒక్కటే అడిగాడు. "నీళ్లిచ్చారా?" జైతున్‌బీ తల దించుకుంది. ఆయన ఇంక ఆ మాట ఎత్తలేదు.

"అక్కా, ఇది మందు కాదే" అంది జైతున్‌బీ. "ఇది దాహం. వీడు ఎండిపోతున్నాడు."

తన అరచేతులు చూసుకుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ముట్టుకున్న దూది తడి పీల్చి పీల్చి ఆ చేతుల్ని రేగడి నేలలా నెర్రెలు చేసింది. రాత్రిళ్లు ఆముదం రాసుకోనిదే నిద్ర పట్టదు. అలాంటి దూదిలో, ఇంత ఎండల్లో, చుక్క నీరు లేకుండా పాముని కప్పెట్టి, బాగా చూసుకుంటున్నాననుకుంది! "అయ్యో, నా చేతులు పడిపోనూ!" అని నెత్తి కొట్టుకుంది. కొట్టుకుని, గభాల్న లేచింది.

మూలనున్న పెద్ద గంగాళం పంచలోకి ఈడ్చింది. కుండలోని నీళ్లు అందులో పోసి, పొయ్యి మీద చెంబెడు కాచి కలిపింది. చంటిపిల్లలకి నీళ్లు పోసేటప్పుడు చూసినట్టు మోచెయ్యి ముంచి చూసుకుంది. వేడీ కాదు, చల్లనా కాదు. పాము ఒళ్లు మునిగేంత మాత్రమే ఉంచి, తల ఆనించుకోవడానికి ఒక పెంకు పెట్టింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ, పాముకి స్నానమంటే!" రాఘవమ్మ నోరు వీధి చివరిదాకా వినబడింది. "బావిలో నీళ్లు అడుగంటి బురద వస్తా ఉంటే, తాగే నీళ్లు గంగాళంలో పోస్తావా? రేపు నువ్వేం తాగుతావ్?"

"రేపు సంగతి రేపు చూద్దాం. ఇయ్యాల వీడు తాగాలి."

రెండు చేతులా ఎత్తి మునసబుని నీళ్లలో దించింది. అది కదల్లేదు. ఎట్లా పెడితే అట్లా ఉండిపోయింది. రాఘవమ్మ మనసు ఆగక ఉగ్గుగిన్నె పట్టుకొచ్చింది. "నోరు తెరువు, నేను పోస్తా" అంది. జైతున్‌బీ దాని దవడ మీద వేలు పెట్టబోయి, ఆగిపోయింది.

"వద్దక్కా. బలవంతాన పోస్తే పొలమారిద్ది. ఉన్న కాస్త ఊపిరీ పోద్ది. తాగితే అదే తాగాలి."

గంగాళం మీద తట్ట బోర్లించి, సందులోంచి చూస్తూ కూర్చుంది. ఎంతసేపు చూసినా పాములో చలనం లేదు. ఒక్కోసారి తోక కదిలినట్టనిపిస్తుంది, తీరా చూస్తే నీళ్లు కదులుతుంటాయి. ప్రాణం ఉసూరుమంటుంది. ఉండబట్టలేక దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. మాట్లాడుతున్నానని ఆవిడకే తెలియదు. "మునసబుగారూ, మీకు దణ్ణం పెడతా. ఆయనొచ్చేదాకా ఉండండి. మీరు పోతే ఆయనకి మాట్లాడేదానికి ఇంకెవరూ లేరయ్యా. నాతో మాట్లాడడు." ఆ మాట నోట్లోంచి వచ్చాక కళ్ల నీళ్లు ఆగలేదు.

సాయంత్రం దాన్ని తీసి, తడి గోనెపట్టా మడతల్లో పెట్టింది. గంపలో ఇప్పుడు దూది పోగు లేదు. పక్కనే మట్టి మూకుట్లో నీళ్లు పెట్టింది. గోనె ఆరబోతుంటే మళ్లీ చిలకరించింది. పీర్లకి చక్కెర చదివిస్తానని మొక్కుకుంది. మర్నాడు మళ్లీ గోరువెచ్చటి నీళ్లు కావాల్సి వచ్చి కుండలోకి చూస్తే అడుగున ముంతెడున్నాయి. బిక్కమొహం వేసుకుని నిలబడింది. గోడ మీంచి నిండు బిందె ఒకటి లేచింది. దాని వెనక రాఘవమ్మ మొహం.

"అందుకో. మా బర్రె ఈ పూటకి ఒక కుడితి తక్కువ తాగుద్దిలే. నీ ఏడుపు వినలేక చస్తన్నా."

రెండోసారి నీళ్లలో పెట్టినప్పుడు అతుక్కున్న కుబుసం మెత్తబడి, అంచులు తేలాయి. పీకుదామా అని చేతులు దురద పెట్టాయి గానీ, కింది చర్మం కూడా ఊడొస్తుందని భయపడి ఊరుకుంది. తడి గోనెలోకి వదిలితే, మునసబు మడతల మధ్య కాస్త ఒరుసుకుంటూ పాకింది. పాకుతుంటే పాత తోలు గోనెకి పట్టుకుని ముక్కలు ముక్కలుగా వదిలింది. ఆఖరికి కళ్ల మీది పొరలూ రాలాయి. కింద నుంచి నల్లటి కన్ను మిరియపు గింజలా నిగనిగలాడుతూ ఆవిడ వంక చూసింది. జైతున్‌బీకి మొదటిసారి ఆ చూపు చూసి భయం వెయ్యలేదు.

అప్పుడు మునసబు నాలిక ఆడించింది. మూకుడు వైపు పాకి, మూతి నీళ్లలో పెట్టింది. గొంతు కింద గుటక కదిలింది. ఇంకొకటి. ఇంకొకటి. మధ్యలో ఆగింది, అయిపోయిందేమోనని జైతున్‌బీ ఊపిరి బిగబట్టింది. మళ్లీ తాగింది. తాగుతూనే ఉంది. "తాగు నాయనా, తాగు, కడుపునిండా తాగు" అంటూ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని కుళ్లికుళ్లి ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరి కోసమో రాఘవమ్మకి తెలుసు. అందుకే గోడ దగ్గర నిలబడి కూడా నోరెత్తలేదు.

శుక్రవారం ఎండ నెత్తికెక్కే వేళ ఖాదర్ వలి వచ్చాడు. భుజాన విల్లు, ఒళ్లంతా దుమ్ము. పంచలో గంగాళం, తడి గోనె, పెరట్లో పారబోసిన మురికి దూది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. గంగాళంలో మునసబు తల ఎత్తింది. చిక్కిపోయింది, వెన్ను ఎముక ఇంకా తెలుస్తూనే ఉంది. జైతున్‌బీ గబగబా ఉన్నదున్నట్టు చెప్పేసింది. దూదిలో పెట్టడం, పాలు పొయ్యడం, ఏదీ దాచలేదు. ఆయన వంగి దాని వీపు మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలాడు. ముడత వెంటనే కాకపోయినా, మెల్లగా అణిగింది.

"నీళ్లిచ్చావా?" అన్నాడు.

అన్న తర్వాత గానీ ఆ మాట ఎప్పటిదో ఆయనకి తట్టినట్టు లేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. జైతున్‌బీ ఈసారి తల దించుకోలేదు.

"ఇచ్చానయ్యా" అంది. "ఇచ్చాను."

ఖాదర్ వలి విల్లు గోడకి ఆనించి, గంగాళం పక్కనే కూలబడ్డాడు.

"అప్పుడూ ఇచ్చేదానివే" అన్నాడు. "ఇవ్వనిచ్చారా నిన్ను? ఆ రోజు ఉట్టి మీంచి కుండ దించింది నేనే. నిండుగా ఉంది. నీ చెయ్యి అంత ఎత్తు అందదు."

"నీకు తెలుసా!" అంది జైతున్‌బీ. "తెలిసీ ఇన్నేళ్లూ నాతో..."

"ఏమని మాట్లాడేది? నోరు తెరిస్తే అమ్మని అనాలి. అమ్మ మాత్రం కావాలని చేసిందా? బతికినన్నాళ్లూ ఆమెని అనలేక, ఆమె పోయినాక ఎట్టా మొదలుపెట్టాలో తెలియక నోరు మూసుకున్నా. నిన్ను ఏ రోజూ అనుకోలేదే జైతూ." కండువాతో మొహం తుడుచుకుని లేచి, అలవాటు చొప్పున దూది గదిలోకి పోయి కూర్చున్నాడు. అక్కణ్నుంచి, "దాహంగా ఉంది, కాసిని నీళ్లియ్యి" అని కేకేశాడు.

జైతున్‌బీ ముంత ముంచి తెచ్చి, గడప దగ్గర ఆగిపోయింది. ముంత అంచున నీళ్లు కారుతున్నాయి. లోపల దూది గుట్ట తెల్లగా ఉంది.

"తే, ఫర్వాలేదు" అన్నాడు ఆయన.

ఆవిడ గడప దాటి, ముంత ఆయన చేతికిచ్చింది. ఆయన సగం తాగి, మిగిలిన సగం వాసాల కింద, దూది పక్కనే పెట్టాడు. ఆ గదిలో అప్పట్నుంచీ నీళ్ల ముంత ఉంటూనే వచ్చింది.